పెరటిలో పెద్ద గుమ్మడి
(కోవిల్‌పట్టి, విరుదునగరముల తెలుగు కుటుంబముల కూటమిలో చేసిన ప్రసంగ పాఠము)



తూకపు రాళ్ల నడుమ బ్రతుకు వర్తకులము మేము. తోటపని చెప్పుటకు మీకేమి అర్హత యని అడుగవచ్చును. పెరటిలో చెడగొట్టుకొని నేర్చినదే మా అర్హత. తొలియేట ఒక తీగకు ఆరు పిందెలు నిలిచినవని మురిసి, ఆరింటిని ఉంచితిమి. ఆరును చిన్నకాయలే అయినవి.

గుమ్మడి అమెరికా ఖండమున పుట్టినది. మన పూర్వులవలెనే దూరము నుండి వచ్చి, ఈ నేలను తనదిగా చేసికొన్నది. 2023వ సంవత్సరమున కాలిఫోర్నియా పోటీలో ఒక్క కాయ 1,247 కిలోలు తూగినది. అది వేరు జాతి, చల్లని సీమకు తగినది. దానికై మనము ప్రాకులాడవలదు. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారి కో-1 రకపు కాయ 7, 8 కిలోలుండును. దానిని మించుటయే మన పందెము.

జూన్, జూలై నెలలలో విత్తవలెను. మన కరిసల్ నేల, అనగా నల్లరేగడి, నీటిని విడువదు. కావున పాదును మిట్టగా కట్టి, బాగుగా మాగిన పశువుల ఎరువు వేయవలెను. లేనిచో ఐప్పసి వానలకు వేరు కుళ్లును. ముందు పూయునవి మగపూలు. అవి రాలినవని దిగులుపడవలదు. అడుగున చిన్న పిందె గలది ఆడుపువ్వు. ప్రొద్దుపొడుపు వేళ మగపువ్వు రేకులు తీసివేసి, పుప్పొడిని ఆడుపువ్వు నడుమ అంటింపవలెను. పిందెలు పిడికెడంత అయిన పిదప దిట్టమైనదానిని ఒక్కదానిని ఉంచి, తక్కినవి కూరకు కోయవలెను. ఆకులను మాత్రము త్రుంచరాదు. కాయకు అన్నము పెట్టునవి అవియే. కణుపులపై మన్ను కప్పిన అచ్చటను వేరు దిగును. కాయ క్రింద ఎండుగడ్డి పరువవలెను. కొన్నాళ్లు ఎండగట్టి ఒక్కసారిగా ముంచెత్తిన కాయ పగులును.

ఇక అసలు మాట. బడిలో తమిళము, ఇంగ్లీషు చదువు మన బిడ్డలకు ఇంటి తెలుగు "రా, పో, అన్నము, నీళ్లు" అను నాలుగు మాటలకు కుదించుకొని పోవుచున్నది. నిరుడు మా తల్లిగారు తీగవద్ద కూర్చుండి పనిచెప్పగా, పాదు, కణుపు, పిందె, తొడిమ, పుప్పొడి అను మాటలు మా పిల్లల నోట వచ్చినవి. మేము పుస్తకము పెట్టి నేర్పజూచిన నాడు రానివి, చేతికి మన్నంటిన నాడు వచ్చినవి. మాట నిలువవలెనన్న దానికొక పని కావలెను.

ధనుర్మాసపు ముగ్గులో పేడముద్దపై గుమ్మడిపూవు నిలుపు ఆచారము మనకును, తమిళ సోదరులకును ఉమ్మడిది. కనుక విత్తులు ఇరుగుపొరుగులకును పంచుడు.

ఇంటికొక పాదు పెట్టుడు. సంక్రాంతికి కాయలు తెండు. తూకము మేము వేసెదము. కాయను తెచ్చిన బిడ్డ దాని భాగములను తెలుగున చెప్పవలెను. బరువు ఆ తరువాత చూచెదము.