టెస్టోస్టిరాన్ చికిత్స: ఇంటివారు తెలుసుకోవలసిన జాగ్రత్తలు

(రోగుల కుటుంబ సభ్యుల కోసం జరిగిన ఆరోగ్య అవగాహన సమావేశంలో స్టాఫ్ నర్సు చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనం మాట్లాడుకునేది చాలా ఇళ్ళలో గడప దాటని విషయం. మగవారిలో టెస్టోస్టిరాన్ అనే హార్మోను తగ్గినప్పుడు చేసే చికిత్స గురించి. రోగి సిగ్గుపడి చెప్పడు. భార్య అడగడానికి మొహమాటపడుతుంది. తల్లి "బలం సూది వేయిస్తున్నాం" అని చుట్టాలతో సరిపెడుతుంది. కానీ ఈ మందు దుష్ఫలితాలలో కొన్ని రోగికి తెలియవు. పక్కనున్నవారికే ముందుగా కనిపిస్తాయి. అందుకే మిమ్మల్ని పిలిచాము.

ఈ హార్మోను ఎందుకు తగ్గుతుంది?

టెస్టోస్టిరాన్ వృషణాలలో తయారవుతుంది. తయారు చేయమని ఆజ్ఞ ఇచ్చేది మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి. ఈ రెండింటిలో ఏది దెబ్బతిన్నా హార్మోను తగ్గుతుంది. పుట్టుకతోనే ఒక ఎక్స్ క్రోమోజోము అదనంగా ఉండే క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్, గవదబిళ్ళలతో పాటు వృషణాలు వాయడం, వృషణం మెలిపడి తీసివేయవలసి రావడం, కొన్ని క్యాన్సర్ మందులు, పిట్యూటరీలో గడ్డ, తలసీమియాకు పదే పదే రక్తం ఎక్కించడం వల్ల ఒంట్లో పేరుకునే ఇనుము... ఇవి ముఖ్యమైన కారణాలు. "చిన్ననాటి అలవాట్ల" వల్ల వస్తుందని కొందరు అంటారు. అది నిజం కాదు. దయచేసి ఆ మాటతో ఆయనను నొప్పించకండి.

ఊబకాయం, షుగరు వ్యాధి ఉన్నవారిలో కూడా ఈ హార్మోను తగ్గవచ్చు. వారిలో చాలామందికి బరువు తగ్గితే అది కొంత తిరిగి పెరుగుతుంది. కాబట్టి నీరసంగా ఉన్న ప్రతివారికీ ఈ ఇంజెక్షన్ అవసరం లేదు. ఉదయం పరగడుపున రక్తం తీసి, రెండు వేర్వేరు రోజుల పరీక్షలోనూ తక్కువని తేలి, లక్షణాలు కూడా ఉంటేనే డాక్టరుగారు చికిత్స మొదలుపెడతారు. ఇది లోటు పూడ్చే మందు, టానిక్ కాదు. మందుల షాపులో అడిగి కొనుక్కునేదీ, ఒకరి చీటీతో మరొకరు వేయించుకునేదీ అసలే కాదు.

మొదటి సూదికి ముందే అడగవలసిన ప్రశ్న

"ఇది వేయిస్తే పిల్లలు పుడతారు కదా సిస్టర్?" అని అడిగేవారు చాలామంది ఉన్నారు. దీనికి జవాబు శ్రద్ధగా వినండి. పుట్టరు సరికదా, ఉన్న అవకాశం కూడా తగ్గుతుంది. హార్మోను బయటి నుంచి వస్తే, ఒంట్లో కావలసినంత ఉందనుకుని పిట్యూటరీ తన ఆజ్ఞను ఆపేస్తుంది. వృషణాలలో వీర్యకణాల తయారీ తగ్గిపోతుంది. కొందరిలో పూర్తిగా నిలిచిపోతుంది. వృషణాలు కూడా కొంత చిన్నవవుతాయి. మందు ఆపిన తర్వాత వీర్యకణాలు తిరిగి రావడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది.

అందుచేత కొత్తగా పెళ్ళయినవారు, సంతానం కోరుకునేవారు ఈ సంగతి ముందే డాక్టరుగారికి చెప్పాలి. లోపం పిట్యూటరీలో ఉంటే వీర్యకణాలు తయారయ్యేలా చేసే వేరే ఇంజెక్షన్లు ఉన్నాయి. వీర్యకణాలు ఉన్నవారు ముందుగా వాటిని భద్రపరచుకోవచ్చు. మందు వేయించుకుంటూ ఏళ్ళ తరబడి ఎదురుచూసి కోడలిని నిందించే పరిస్థితి ఏ ఇంట్లోనూ రాకూడదు. అలాగని దీన్ని కుటుంబ నియంత్రణ మందుగా నమ్ముకోవడమూ పొరపాటే.

ఇంజెక్షన్ రోజున

ఈ మందు నూనెలో కలిపి ఉంటుంది. చాలా రకాలలో ఆముదం, కొన్నింటిలో వేరుశనగ నూనె వాడతారు. పల్లీలు పడనివారు ముందే చెప్పాలి. పిరుదు కండరంలో లోతుగా, నిదానంగా వేయాలి. ఊళ్ళో తెలిసినవారి చేత హడావిడిగా వేయించకండి. ఒక రకం రెండు మూడు వారాలకు ఒకసారి వేస్తారు. 1,000 మిల్లీగ్రాముల రకం మొదట్లో తప్ప 10 నుంచి 14 వారాలకు ఒకసారి వేస్తారు. ఇది వేసిన వెంటనే కొందరికి దగ్గు, ఆయాసం, కళ్ళు తిరగడం రావచ్చు. అందుకే అరగంట ఇక్కడే కూర్చోమంటాము. బస్సు టైమైందని వెళ్ళిపోవద్దు.

రెండు మూడు వారాల రకంలో మొదటి రోజులలో హుషారు, తర్వాతి సూది దగ్గర పడేకొద్దీ నీరసం, చిరాకు కనిపించవచ్చు. అది ఆయన స్వభావం అనుకోకండి. ఏ రోజు ఎలా ఉన్నారో నోటుపుస్తకంలో రాయండి. దాన్ని చూసి డాక్టరుగారు మోతాదు గానీ వ్యవధి గానీ మారుస్తారు. మీరుగా ముందుకు జరపవద్దు, మానేయవద్దు.

ఇంట్లో గమనించవలసినవి

1. రక్తం చిక్కబడటం: అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఈ మందు ఎర్ర రక్తకణాలను పెంచుతుంది. తలనొప్పి, ముఖం ఎర్రబారడం, చూపు మసకబారడం ఉండవచ్చు. ఏ లక్షణమూ లేకపోవచ్చు కూడా. అందువల్ల రక్తపరీక్ష తప్పనిసరి. రిపోర్టులో పి.సి.వి. లేదా హిమటోక్రిట్ అని ఉంటుంది. అది 54 శాతం దాటితే మందు ఆపి, తగ్గాక మోతాదు మారుస్తారు. చికిత్సకు ముందు ఒకసారి, మొదలుపెట్టిన మూడు నుంచి ఆరు నెలల లోపు ఒకసారి, ఆ తర్వాత ఏడాదికోసారి చేయించాలి. పొగతాగేవారిలో ఇది మరింత పెరుగుతుంది.

2. గురక: నిద్రలో పెద్దగా గురకపెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్లయి ఉలిక్కిపడి లేస్తున్నారా? నిద్రపోయే మనిషికి ఇది తెలియదు. మీరే చెప్పాలి.

3. పాదాల వాపు, మొటిమలు, రొమ్ములు ఉబ్బి నొప్పిపెట్టడం, రక్తపోటు పెరగడం. బి.పి. ప్రతిసారీ చూపించండి.

4. మూత్రం ధార సన్నబడటం, రాత్రి పదే పదే లేవడం. నలభై దాటినవారికి ప్రొస్టేట్ గ్రంథికి సంబంధించిన పి.ఎస్.ఎ. పరీక్ష అవసరమేమో డాక్టరుగారిని అడగండి. ప్రొస్టేట్ క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్ ఉన్నవారికి ఈ మందు ఇవ్వరు.

5. ఒక కాలు మాత్రమే వాచి నొప్పిపెట్టడం, హఠాత్తుగా ఆయాసం, ఛాతీనొప్పి, మూతి వంకరపోవడం, చెయ్యి కాలు పడిపోవడం. వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి.

గుండెజబ్బు వస్తుందని భయపడి కొందరు మందు మానేస్తున్నారు. గుండెజబ్బు ఉన్న, లేదా వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న 5,000 మందికి పైగా మగవారిపై అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనం 2023లో వెలువడింది. సరైన పర్యవేక్షణలో ఈ మందు వాడినవారిలో గుండెపోటు, పక్షవాతం మిగతావారి కంటే ఎక్కువ కాలేదు. అయితే గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం కొంచెం ఎక్కువగా కనిపించాయి. కనుక భయంతో మందు మానవద్దు, ధీమాతో పరీక్షలు మానవద్దు.

జెల్ వాడే ఇళ్ళలో

కొందరు ఇంజెక్షన్‌కు బదులు చర్మానికి రాసుకునే జెల్ వాడతారు. రాసిన చోటు ఇతరుల ఒంటికి తగిలితే మందు వారికీ అంటుకుంటుంది. నాన్న భుజం మీద పడుకునే చిన్నపిల్లల్లో వయసు రాకముందే మర్మాంగాల వద్ద వెంట్రుకలు మొలవడం వంటి మార్పులు వస్తాయి. గర్భిణులకూ ఇది మంచిది కాదు. రాసుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఆరనిచ్చి చొక్కా వేసుకోవాలి. పిల్లవాణ్ణి ఎత్తుకునే ముందు ఆ చోటు సబ్బుతో కడుక్కోవాలి.

ఇతర మందులు వాడేవారు

రక్తం పలుచబడే మాత్రలు వాడేవారికి వాటి ప్రభావం పెరగవచ్చు. ఇన్సులిన్ తీసుకునేవారికి షుగరు పడిపోవచ్చు. ఈ రెండు మందుల సంగతి తప్పక చెప్పండి. పిట్యూటరీ ఆపరేషన్ అయినవారికి ఇచ్చిన స్టిరాయిడ్, థైరాయిడ్ మాత్రలను "సూది వేయిస్తున్నాం కదా" అని ఆపకండి. వాటి పని వేరు.

వచ్చేటప్పుడు పాత రిపోర్టులు, సూది వేసిన తేదీల కార్డు, మీ నోటుపుస్తకం వెంట తెచ్చుకోండి. నలుగురిలో అడగలేని ప్రశ్న ఉంటే విడిగా వచ్చి మమ్మల్ని అడగండి. భార్యాభర్తలు కలిసి వస్తే మరీ మంచిది. ఇంటికి వెళ్ళాక ఆయనను అడగవలసిన మాట ఒక్కటే: "రక్తపరీక్ష మళ్ళీ ఎప్పుడు?" ఆ తేదీని గోడ మీది క్యాలెండరులో రాసిపెట్టండి.

సెలవు.