ఫార్వర్డ్ చేసినా మన మాటే



ఆటపాటల మధ్యలో వార్డెన్ మేడం చట్టం గురించి మాట్లాడుతుందేంటి అనుకుంటున్నారు కదూ. కాసేపు ఓపిక పట్టండి.

పోయిన ఏడాది మా హాస్టల్లో ఇంటర్ చదివే అమ్మాయి ఫోటో పెట్టి, ఎవరో తప్పుడు రాతలు రాశారు. అది మన ఊళ్ల వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. ఆ పిల్ల ఇంటికెళ్లిపోయి పన్నెండు రోజులు రాలేదు. తీసుకొద్దామని వెళ్తే వాళ్ల నాన్న అన్నాడు: "రాసినోడెవడో తెల్దు మేడం. నవ్వు బొమ్మలు పెట్టినోళ్లు, పంపినోళ్లు మాత్రం అందరూ మనోళ్లే."

పంపినవాళ్లలో నా దగ్గర చదువుకున్న అబ్బాయి కూడా ఉన్నాడు. "నేను రాయలేదు కదా మేడం, వచ్చింది పంపానంతే" అన్నాడు. చట్టం అలా అనుకోదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్ పరువునష్టం గురించి చెబుతుంది. రాసినవాళ్లకే కాదు, ప్రచురించినవాళ్లకూ అది వర్తిస్తుంది. ఒకరి పరువు పోతుందని తెలిసీ మరొకరికి చేరవేస్తే అదీ ప్రచురణ కిందికే వస్తుంది. రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదంటే సమాజ సేవ శిక్షగా వేయొచ్చు. "నిజమే కదా" అంటే చాలదు. నిజమనీ, చెప్పింది ప్రజల మంచికేననీ చూపించుకోవాలి.

మరి లైక్? పరువు తీసే పోస్టులకు లైక్ కొట్టినందుకు 2017లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్ కోర్టు ఒకాయనకు జరిమానా వేసింది. మన దేశంలో 2025లో అలహాబాద్ హైకోర్టు, లైక్ కొట్టడం ప్రచురణ కాదు, షేర్ చేస్తే అవుతుంది అంది. కాకపోతే అది ఐటీ చట్టం మీద చెప్పిన మాట, పరువునష్టం కేసు కాదు. అందుకే లైక్‌కి ఏమీ కాదని నేను మీకు హామీ ఇవ్వలేను. "అవును, నాకూ తెలుసు" అని కింద కామెంట్ పెట్టారా, అది ఇక మీ సొంత మాటే.

ఇంకోటి. మన తెగలను కించపరుస్తూ బయటివాళ్లు పెట్టే పోస్టులు చూస్తే రక్తం మరుగుతుంది, నాకూ అంతే. కానీ బూతులతో జవాబిస్తే కేసు మన మీదికే తిరుగుతుంది. స్క్రీన్‌షాట్ తీయండి. లింకు, తేదీ, టైము రాసుకోండి. గిరిజనుల మీద ద్వేషం రెచ్చగొట్టే రాతలకు 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. స్టేషన్‌కు వెళ్లడానికి తోడు కావాలంటే నేనొస్తాను.

ఆ అబ్బాయి, తాను పంపిన రెండు గ్రూపుల్లోనూ తప్పు ఒప్పుకుంటూ రాశాడు. పెద్దలు కూర్చుని మాట్లాడాక ఆ తండ్రి కోర్టుకు వెళ్లలేదు. అమ్మాయి తిరిగొచ్చి పరీక్షలు రాసింది. ఆ ఫోటో మాత్రం మొన్న సంతలో ఇంకొకరి ఫోన్లో కనపడిందట.