పడవ కదలకముందే లైఫ్ జాకెట్

రాత్రింబవళ్లు మీవాళ్ల మంచం పక్కనే ఉంటున్నారు గనుక ఈ పూట జబ్బుల మాట వదిలి పడవ ప్రయాణం గురించి చెబుతాను. ఇళ్లకు వెళ్లాక పిల్లల సెలవులకో, కార్తీక మాసంలోనో గోదావరి మీదో కృష్ణ మీదో షికారుకు వెళ్లే కుటుంబాలు మీలో చాలా ఉంటాయి.

2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడటానికి బయలుదేరిన బోటు, అప్పటి తూర్పు గోదావరి జిల్లా కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. గోదావరి వరద మీద ఉంది. డెబ్బై మందికి పైగా ఎక్కితే 26 మందే ప్రాణాలతో బయటపడ్డారు. ఒడ్డున ఉన్న గిరిజనులు నాటు పడవల్లో వెళ్లి వారిని పైకి లాగారు. బతికినవారిలో చాలామంది లైఫ్ జాకెట్లు వేసుకున్నవారేనని, ఇంకొందరు ఉక్కగా ఉందనీ భోజనాల వేళ అయిందనీ విప్పేశారని అప్పటి వార్తల్లో వచ్చింది. జాకెట్ బోటులో ఉంటే చాలదు, ఒంటి మీద ఉండాలి.

"అవసరమైతే అప్పుడు వేసుకుందాంలే" అంటారు. పడవ ఒరిగాక అంత వ్యవధి ఉండదు. హఠాత్తుగా నీళ్లలో పడిన మనిషి నోరు తెరిచి గాలి పీలుస్తాడు, దానితోపాటు నీళ్లూ లోపలికి పోతాయి. కేక వేయడానికి కూడా ఊపిరి చాలదు. నాలుగైదు నిమిషాలు ప్రాణవాయువు అందకపోతే మెదడు దెబ్బతింటుంది. ఈత వచ్చని ధైర్యంగా ఉండే మగవాళ్లకూ ఇదే మాట. చెక్క తగిలి స్పృహ తప్పితే ఏ ఈతా పనికిరాదు.

చీర కట్టుకున్న అమ్మలు కొంగు దోపుకొని, దానిమీద జాకెట్ తొడిగి బకిల్స్ అన్నీ పెట్టి బెల్టు బిగించండి. ఫోటో దిగేదాకా వేసుకొని తరువాత దిండుగా వాడుకోవద్దు. పిల్లలకు పెద్దవాళ్ల జాకెట్ వేస్తే నీళ్లలో జాకెట్ తేలుతుంది, బిడ్డ అందులోంచి జారిపోతుంది. తొడిగాక భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగి చూడండి. చెవుల దాకా వచ్చిందంటే అది వదులు. పిల్లల జాకెట్‌కు కాళ్ల మధ్య నుంచి కట్టే పట్టీ ఉంటే తప్పక కట్టండి. పసిబిడ్డను మీ జాకెట్ లోపల పెట్టి కట్టుకోవద్దు. బకిల్ ఊడినది ఇస్తే మార్చమని అడగండి. ఇవ్వనంటే దిగిపోండి, టికెట్ డబ్బులు పోతే పోయాయి.

ఇంకో సంగతి. మునిగినవారిని తలకిందులుగా వేలాడదీసి గిరగిరా తిప్పడం, పొట్ట నొక్కడం మన ఊళ్లలో ఇంకా చూస్తున్నాం. అలా చేయకండి. ఊపిరి లేకపోతే వెంటనే నోటిలో నోరు పెట్టి శ్వాస ఇవ్వాలి, ఆ తరువాత రొమ్ము మధ్య గట్టిగా, వేగంగా నొక్కాలి. ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. ఊపిరి ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టి, తడిబట్టలు తీసి దుప్పటి కప్పండి. లేచి కూర్చున్నాడు కదా అని ఇంటికి తీసుకుపోవద్దు. ఊపిరితిత్తుల్లోకి నీళ్లు వెళ్లి ఉంటే కొన్ని గంటల తరువాత దగ్గు, ఆయాసం మొదలుకావచ్చు. ఆసుపత్రికి తీసుకురండి, కొన్ని గంటలు కనిపెట్టి చూశాకే పంపిస్తాం.