తగ్గిన బరువు నిలుపుకొనుట

సంక్రాంతి పండుగ కాగానే అహోబిలము చుట్టుపట్ల గ్రామములలో పారువేట మొదలగును. జ్వాలానరసింహస్వామియు, ప్రహ్లాదవరదస్వామియు పల్లకిలో వెడలి, చెంచులక్ష్మితో జరుగబోవు కల్యాణమునకు భక్తులను స్వయముగా పిలుచుటకు ఊరూరా తిరుగుదురు. ఫాల్గుణమాసపు బ్రహ్మోత్సవములు వచ్చువరకు, నలుబది దినములకు పైగా ఈ సంచారము సాగును. స్వామి ఏ ఊరికి వేంచేసిన ఆ ఊరికి ఆ దినము పెద్దపండుగ. ఆడబిడ్డలు పుట్టింటికి వత్తురు. చుట్టములు బస్సులు దిగుదురు. ప్రతి ఇంటను భక్ష్యములు, పులిహోర, పాయసము. అట్టి విందులలో ఒకదానియందు, ఆళ్లగడ్డకు సమీపమున మా మేనత్తగారి ఇంట, విస్తరి ముందు కూర్చుండి నేను పడిన అవస్థయే నేటి ఈ ప్రసంగమునకు కారణము.

అప్పటికి మూడేండ్ల క్రిందట నేను స్థూలకాయమునకు శస్త్రచికిత్స చేయించుకొంటిని. అప్పుడు నా బరువు 118 కిలోలు. రేడియో ఉద్యోగికి కంఠముతోనే గాని కాయముతో పనియేమని మిత్రులు పరిహాసమాడెడివారు. కాని కంఠమునకు ఊపిరి కావలెను గదా! మెట్లెక్కి స్టూడియో చేరి మైకు ముందు కూర్చున్నచో మొదటి వాక్యము సగములో ఆయాసము వచ్చెడిది. దానికి తోడు మధుమేహము. హైదరాబాదులో వైద్యులు నా జీర్ణకోశములో నూటికి 75 పాళ్లకు పైగా తొలగించి, మిగిలినదానిని సన్నని గొట్టమువలె చేసిరి. దీనిని స్లీవ్ గాస్ట్రెక్టమీ అందురు. ఏడాదిన్నరలో 80 కిలోలకు దిగితిని. మధుమేహపు మాత్రలను వైద్యులే మాన్పించిరి. మూడవ ఏట తూనికముల్లు మరల 91 చూపినది.

ఈ చికిత్స నిన్న మొన్నటిది కాదు. 1954లోనే అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయపు శస్త్రవైద్యులు చిన్నప్రేగులో అధికభాగమును తప్పించి బరువు తగ్గించు పద్ధతిని ప్రకటించిరి. 1966లో అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ మేసన్, చికాషి ఇటో అనువారు గాస్ట్రిక్ బైపాస్ చేసిరి. ఆకలిని పుట్టించు గ్రెలిన్ అను హార్మోనును జపానులో కోజిమా, కంగావా 1999లో కనుగొనిరి. అది విశేషముగా జీర్ణకోశపు పైభాగమున ఊరును. స్లీవ్ చికిత్సలో పోవునది ఆ భాగమే. కనుక మొదటి సంవత్సరము ఆకలి అనునది ఎట్లుండునో మరచిపోదుము. ఆ దినములలో నేను గర్వించితినని ఒప్పుకొనవలెను. అదంతయు నా నిగ్రహమే అనుకొంటిని.

తరువాత శరీరము తన లెక్క తాను చూచుకొనును. బరువు తగ్గిన దేహము పూర్వముకంటె తక్కువ ఇంధనముతో కాలము గడుపుట నేర్చును. ఆకలి మెల్లగా తిరిగివచ్చును. స్వీడన్ దేశమున 1987లో ఆరంభమైన ఒక దీర్ఘపరిశీలన ఫలితములను 2007లో ప్రకటించిరి. గాస్ట్రిక్ బైపాస్ అయినవారు మొదటి ఒకటి రెండేండ్లలో తమ బరువులో నూటికి 32 పాళ్లు తగ్గిరి. పదేండ్లు గడచునప్పటికి ఆ తగ్గుదల 25 పాళ్లకు వచ్చినది. అనగా కొంత తిరిగివచ్చుట చాలమందికి కలుగునదే. అది ఎవరి నేరమును కాదు. శస్త్రచికిత్స అయినవారిలో మరణములు తక్కువగుట కూడ ఆ పరిశీలనలోనే తేలినది. ఈ సంగతి నాకు తెలియును. తెలిసియు తూనిక ఎక్కుటకు సిగ్గుపడి, నాలుగు నెలలు వైద్యుని ముఖము చూడక తప్పించుకొంటిని.

జీర్ణకోశము చిన్నదైనను దానిని మోసగించుట కష్టము కాదు. గట్టి జొన్నరొట్టెగాని పప్పుగాని నాలుగు ముద్దలకే అడ్డుకొనును. పాయసము అడ్డుకొనదు, జారిపోవును. చక్కెర వేసిన కాఫీ జారిపోవును. మురుకులు నోటనే నలిగి పొడియై దిగును. భోజనము చేయలేనివాడు ఉదయమునుండి రాత్రివరకు కొంచెము కొంచెము కొరుకుచు, తాను ఏమియు తినుటలేదని నిజముగానే నమ్మును. నా 11 కిలోలు ఈ దారినే వచ్చినవి.

అయితే నన్ను ఈ దారి పట్టించినది నాలుక ఒక్కటియే కాదు, ఒక అబద్ధము. పిత్తకోశములో రాళ్లు తీయించుకొంటినని బంధువులందరికి చెప్పియుంటిని. తిండి తగ్గించుకొనలేక పొట్ట కోయించుకొన్నాడు అను మాట పడుట నాకు ఇష్టము లేకపోయెను. రాళ్లు తీసినవాడు రెండు నెలలకు అందరివలె తినవలయును గదా! ప్రతి పెండ్లిలోను, ప్రతి వ్రతములోను నేను అందరివలె తినుచున్నట్లు నటింపవలసివచ్చెను. నటనకు పాయసమే అనువైనది.

ఆనాడు అత్త స్వయముగా వడ్డించుచుండెను. రెండు ముద్దలు తిని, కడుపు పట్టినట్లై నేను చేయి ఆపితిని. "ఏమిరా అబ్బీ, రెండు ముద్దలకే చెయ్యి తీస్తే ఎట్లా? స్వామి ఊరికొచ్చిన దినం నా చేతి కూడు నీకు సహించలేదా?" అనెను. ఆమె కన్నులు చెమర్చుట చూచి ఇక దాచలేకపోతిని. "అత్తా, నా కడుపు చాలామటుకు కోసి తీసేసినారు. లోపల పట్టేది ఇంతే" అంటిని. పంక్తి అంతయు నిశ్శబ్దమయ్యెను. కొంతసేపటికి ఆమె, "మూడేండ్లు నాకు చెప్పకుండా ఉంటివా? చెప్పింటే నీ విస్తట్లో ఇంత ఎందుకు పెడ్తాంటి?" అని మాత్రము అనెను. ఆ సాయంకాలము ఒక చిన్న గిన్నెలో ఉడికించిన అలసందలు, పెరుగు తెచ్చి నా ప్రక్కన ఉంచెను. అందులో జాలియు లేదు, ఉపదేశమును లేదు.

చేతులు కడుగుకొనుచోట ఎదురింటి అల్లుడు నా దగ్గరకు వచ్చెను. "అన్నా, నాకూ చేసినారు, బెంగుళూరులో. నా భార్యకు తప్ప ఎవరికీ తెలీదు" అని మెల్లగా చెప్పెను. అతనిది బైపాస్. బరువు బాగుగనే నిలిచినది గాని, ఏడాదినుండి విటమిను మాత్రలు మానినాడట. అరికాళ్లలో తిమ్మిరి, చెప్పరాని నీరసము. ఎండవలన అనుకొనుచుండెను. నంద్యాలలో రక్తపరీక్ష చేయింపగా బి-12 విటమిను మిక్కిలి తక్కువయని తేలినది. ఇంజెక్షన్లతో నీరసము తగ్గినది. తిమ్మిరి ఇంకను పూర్తిగా పోలేదు.

ఇచ్చట ఒక్క మాట నిదానముగా చెప్పవలెను. ఈ చికిత్సకు పిమ్మట బి-12, ఇనుము, కాల్షియము, విటమిన్ డి జీవితాంతము తీసికొనవలసినవి. రక్తపరీక్షలు ఏటేట తప్పనివి. వాంతులు ఆగక రోజుల తరబడి సాగినచో అది అజీర్ణమని ఇంట కూర్చుండరాదు. థయామిన్ లోపించి నరములకు, మెదడునకు ముప్పు కలుగవచ్చును. తక్షణమే ఆసుపత్రికి పోవలెను. స్త్రీలు ఏడాది, ఏడాదిన్నర వరకు గర్భము ధరింపకుండుట మేలు. బైపాస్ అయినవారికి మద్యము త్వరగా తలకెక్కును. కోసినచోట ఆసుపత్రి మూడు వందల కిలోమీటర్ల దూరమున ఉన్నప్పుడు ఈ విషయములను గుర్తుచేయువారు దగ్గర ఎవరుందురు?

మాకు మూడవవారు కూడ దొరకిరి. నంద్యాలలో ఒక పంతులమ్మగారు. బరువు తగ్గి, జుట్టు రాలి, చర్మము వ్రేలాడగా, ఏదో పెద్దజబ్బు దాచుచున్నదని వీధి అంతయు అనుకొన్నదట. లావుగా ఉన్నప్పుడు నవ్వినవారే ఇప్పుడు జాలిపడుచున్నారని ఆమె చెప్పినప్పుడు ముగ్గురము నవ్వితిమి. అట్లు నవ్వుట మూడేండ్లలో నాకు అదే మొదలు. ప్రతి ఆదివారము ఉదయము ఫోనులో ఎవరి తూనిక వారు చెప్పుకొందుము. నెలకొకమారు అహోబిలములో కలిసి, ఎగువ అహోబిలము గుడినుండి భవనాశిని వెంబడి జ్వాలానరసింహుని సన్నిధివరకు నడచెదము. 118 కిలోల దినములలో నేను ఎగువ గుడివద్దనే అరుగుమీద కూర్చుండి, ఇంటివారి చెప్పులకు కాపలా కాచినవాడను.

కొన్ని ఆసుపత్రులు ఇట్టివారికై సమావేశములు జరుపును. వాటికి వచ్చువారు రానివారికంటె బరువు బాగుగా నిలుపుకొందురని పలు పరిశీలనలు తెలిపినవి. పట్టుదల కలవారే వచ్చుచుందురేమో అని నాకొక సందేహము లేకపోలేదు. అయినను సిగ్గుపడి ఇంట కూర్చున్నవానికి జరుగునది ఏమో నాకు అనుభవమే.

ఇంటివారిని ఒకటి వేడుకొందును. మా ముద్దలు లెక్కింపకుడు. "ఇంత ఖర్చు పెట్టి మరల తింటున్నావా" అనకుడు. పప్పో, గ్రుడ్డో, పెరుగో ముందు వడ్డించి, అన్నము తరువాత పెట్టుడు. భోజనముతో నీరు త్రాగరాదు, అరగంట ఆగవలెను. కనుక మా ప్రక్క చెంబు ఉంచకుడు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనలలో ధాన్యములనుండి లభించు శక్తి నూటికి 45 పాళ్లు మించరాదని ఉన్నది. అది శస్త్రచికిత్స ఎరుగనివారికి చెప్పినది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున నూటికి 36 మంది స్త్రీలు, 31 మంది పురుషులు అధికబరువు కలవారుగా తేలిరి. కావున ఒక ఇంట రెండు వంటలు వండ నక్కరలేదు.

బరువు మరల పెరిగినచో వైద్యునికడకు పోవుటకు జంకకుడు. ఆకలిని తగ్గించు ఇంజెక్షన్లు ఇప్పుడు మన దేశమునను లభించుచున్నవి. అవి ఎవరికి తగునో వైద్యుడే నిర్ణయింపవలెను. మందుల దుకాణమువారు కాదు.

గడచిన ఆదివారము నా తూనిక 85. పంతులమ్మగారికి ఒక కిలో పెరిగినదట. పరీక్షల కాలము, ఇంట పకోడీలు అని కారణము చెప్పిరి. అల్లుడుగారు ఫోను ఎత్తలేదు. రెండు వారములనుండి ఎత్తుటలేదు. రేపు అత్తను వారి ఇంటికి పంపి కనుగొనవలెను.