నడచువారికి పీట వేయుడు

(కరీంనగరమున పఠనమందిర సభ్యుల యెదుట ఒక న్యాయవాది చేసిన ఉపన్యాసపాఠము)



రోడ్డు వేయుట కాంట్రాక్టరు పనియనియు, వేయించుట మునిసిపాలిటీ పనియనియు, తిట్టుట ప్రజల పనియనియు మన పట్టణములలో ఒక పంపకము జరిగిపోయినది. ఈ పంపకమున మన వాటాకు వచ్చిన పనిని మనము బహుశ్రద్ధతో నిర్వహించుచున్నాము. చాయ హోటలు బల్లయొద్ద దానికి సెలవు దినమే లేదు. కాని రోడ్డు మట్టిమీద పుట్టదు. అది మొదట కాగితముమీద, ఒక సంఘములో, బల్లచుట్టు కూర్చున్న పదిమంది మాటలలో పుట్టును. కాలిబాట యెంత వెడల్పు, సైకిలువానికి చోటున్నదా లేదా, ముసలమ్మ రోడ్డు దాటుటకు ఎన్ని సెకనుల వ్యవధి — ఇవి యన్నియు అచ్చట తేలిన పిమ్మటనే కంకరయు తారును వచ్చును. ఆ బల్లయొద్ద నడచువాడు కూర్చుండుట అరుదు. నేడు నేను చెప్పదలచినది ఆ ఖాళీ పీటను గురించియే.

మొదట కొన్ని యంకెలు. 2023వ సంవత్సరమున మన దేశపు రోడ్లపై 1,72,890 మంది మరణించిరి. వారిలో 35,221 మంది నడచుచుండినవారు. అనగా అయిదుగురిలో ఒకరు బండి యేదియు నెక్కనివారే. వారు వేగముగ పోయినవారు కారు, త్రాగి నడపినవారు కారు. రోడ్డు దాటబోయినవారు, అంచున నడచినవారు. ఇక సైకిలు సంగతి. 2011 జనాభా లెక్కల నాటికి దేశమున నూటికి 45 కుటుంబముల యింట సైకిలుండెను. మోటారు ద్విచక్రవాహనము 21 ఇండ్లలో మాత్రమే. అటుపిమ్మట మోటారు బండ్లు విపరీతముగ పెరిగినవి, నిజమే. అయినను తెల్లవారకముందు పాలక్యానులను మోయునది, పత్రికలను పంచునది, కూలివానిని అడ్డాకు చేర్చునది నేటికిని అనేకచోట్ల ఆ రెండు చక్రములే. వానికి ప్రతిగా మనమిచ్చినది రోడ్డు అంచున ఒక మూరెడు దుమ్ము.

హైదరాబాదు బాహ్యవలయ రహదారి ప్రక్క, సౌరఫలకముల నీడన, 23 కిలోమీటర్ల సైకిలు మార్గమును 2023 అక్టోబరు 1న ప్రారంభించిరి. చూడముచ్చటయైన నిర్మాణము, దానిని నేను నిందింపను. కాని ఆదివారము వ్యాయామమునకై తొక్కువాని అవసరము వేరు, సోమవారము పనికి తొక్కువాని అవసరము వేరు. రెండవవాడు ఏ సభకును రాడు. ఆ వేళకు అతడు పనిలో నుండును.

చట్టము ఈ విషయమున మనమనుకొన్నంత మూగది కాదు. కోయంబత్తూరుకు చెందిన ఎముకల వైద్యుడు రాజశేఖరన్ గారు 2012లో సుప్రీంకోర్టునందు ఒక పిటీషను వేసిరి. విరిగిన కాళ్లను అతికి అతికి విసిగిన వైద్యుడు, కాళ్లు విరుగకుండ నేల చేయరాదని న్యాయస్థానము నడిగెనన్నమాట. ఆ వ్యాజ్యములో 2017 నవంబరు 30న కోర్టు వారు ప్రతి జిల్లాలోను కలెక్టరు అధ్యక్షతన రోడ్డు భద్రతా సంఘమును నెలకొల్పవలెననియు, అది క్రమముగ సమావేశము కావలెననియు ఆజ్ఞాపించిరి. అందులో పోలీసు సూపరింటెండెంటు, రోడ్ల ఇంజనీర్లు, వైద్యాధికారి, రవాణా అధికారి ఉందురు. వారితోపాటు జిల్లా పౌరసమాజపు సభ్యులును ఉండవలెనని ఆ యాజ్ఞలోనే యున్నది.

ఆ కడపటి మాటను మనము పట్టుకొనవలెను. పౌరసమాజమనగా నెవరు? ఇట్టి స్థానములు సహజముగ పెద్దమనుషులకు పోవును. పెద్దమనిషి యనగా మన యూళ్లలో కారున్నవాడు. ఆయన సజ్జనుడే కావచ్చును. కాని కాలిబాట మధ్య ట్రాన్సుఫార్మరు నిలిచియున్నదన్న సంగతి కారులోనుండి కనబడదు.

అమెరికాలో ఆరెగాన్ అను రాష్ట్రము కలదు. 1971లో వారు ఒక చట్టము చేసి, రహదారుల నిధిలో నూటికి ఒక వంతునకు తగ్గకుండ కాలిబాటలకును సైకిలు మార్గములకును వ్యయము చేయవలెనని నిబంధించిరి. సలహా చెప్పుటకు ఎనిమిదిమంది సంఘము నేర్పరచిరి. ఆ యెనిమిదింటిలో ఒక పీట సైకిళ్లు అమ్మువానికో బాగుచేయువానికో కేటాయింపబడినది. ఇంకొకటి 21 సంవత్సరములు నిండని యువకునికో యువతికో. పంక్చరు వేయువాడు రాష్ట్ర రహదారుల శాఖకు సలహాదారు! ఆలోచింపగా నింతకంటె యుక్తమైనది లేదు. ఏ గుంతవలన ఎన్ని చక్రములు వంగినవో అతనికి తెలిసినట్లు మరెవరికి తెలియును? హాలండు దేశమున 1971లో ఒక్క యేట మూడువేలమందికి పైగా రోడ్లపై చావగా, వారిలో నాలుగు వందలకు పైబడి పిల్లలుండిరి. తల్లిదండ్రులు వీధులలో బైఠాయించి ఆందోళన సాగించిరి. నేడు లోకము పొగడు ఆ దేశపు సైకిలు బాటలు అట్టి పోరుతోనే మొదలైనవి.

అంత దూరము పోనేల? మన చట్టములోనే నమూనా యున్నది. 2014 నాటి వీధివర్తకుల చట్టము ప్రకారము పట్టణ విక్రయ సంఘములో నూటికి 40 మందికి తగ్గకుండ వీధివర్తకులే యుండవలెను. వారిని వారే యెన్నుకొనవలెను. అందు మూడవ వంతు స్త్రీలు. గంపలో కూరగాయలు పెట్టుకొని కూర్చున్న తల్లికి కమీషనరుగారి బల్లయొద్ద హక్కుగా పీట వేసిన చట్టమిది. నడచువారికి మాత్రము ఇట్టి పీట యేల లేకపోయెను?

వార్డు సంఘముల సంగతి యిట్లే యున్నది. 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టము వార్డు వార్డుకు యువకులకు, స్త్రీలకు, వృద్ధులకు, ప్రముఖులకు ఒక్కొక్కటి చొప్పున నాలుగు సంఘములను, సంఘమునకు 15 మందిని నిర్ణయించినది. 2020 ఎన్నికల నాటికి మన నగరమున 60 డివిజనులు. గుణించి చూడుడు: 3,600 మంది సలహాదారులు! ఈ మందిరమున నున్న మీలో ఏ యొక్కరైనను తమ వార్డు సంఘ సభ్యుల పేర్లు నాలుగు చెప్పగలరా? స్మార్టు సిటీ పథకమునకు కరీంనగరము 2017లో ఎంపికయ్యెను. దాని నిబంధనలలోను పౌరులతో కూడిన సలహా వేదిక యుండెను. 2025 మార్చి 31న ఆ పథకము ముగిసినది. స్తంభములు, దీపములు మిగిలినవి. వేదికలో ఎవరేమి సలహా చెప్పిరో నడివీధిలో నిలిచి అడిగినచో చెప్పగలవారు అరుదు.

ఇక్కడ ఒక మిత్రుడు లేచి, “వకీలు సాబ్, సలహా సంఘమునకు అధికారమేది? చెప్పినది వినకపోయిన ఏమి చేయుదురు?” అని యడుగును. మంచి ప్రశ్న. నా వృత్తి ననుసరించి దీనికి కొంచెము వివరముగ బదులు చెప్పెదను.

2019లో మోటారు వాహనముల చట్టమును సవరించి 198-ఏ అను సెక్షనును చేర్చిరి. రోడ్డును రూపొందించి, నిర్మించి, నిర్వహించు బాధ్యత గలవారు నిర్ణీత ప్రమాణములను పాటింపక పోగా అందువలన ప్రాణము పోయినను అంగవైకల్యము కలిగినను లక్ష రూపాయలవరకు జరిమానా. లక్ష రూపాయలు వారికొక లెక్కా యందురు. ఆగుడు. ఆ సెక్షనులో న్యాయస్థానము గమనింపవలసిన యంశములు కొన్ని చెప్పబడినవి. అందొకటి — రోడ్డు ఆ భాగమున ప్రమాదకరముగ నున్నదని ఆ అధికారికి తెలిసియుండెనా, తెలిసియుండదగినదా యన్నది. సలహా సంఘపు మినిట్సు పుస్తకమునకు విలువ వచ్చునది ఇచ్చటనే. ఫలానా బడియెదుట పిల్లలు దాటుటకు వీలులేదు, కట్ట ఎత్తుగా నున్నది, దీపము లేదు అని తేదీతో, కొలతతో మీరొక సలహా వ్రాయించితిరనుకొనుడు. అది ఆ దినమున పాటింపబడకపోవచ్చును. కాని ఆనాటినుండి “మాకు తెలియదు” అను మాట చెల్లదు. చాయ హోటలులో తిట్టిన తిట్టు ఆవిరితోపాటు పోవును. పుస్తకమున కెక్కిన సలహా సాక్ష్యమై నిలుచును.

పుస్తకమున కెక్కినదో లేదో తెలిసికొనుటకు 2005 నాటి సమాచార హక్కు చట్టమున్నది. పది రూపాయల రుసుముతో దరఖాస్తు. 30 దినములలో జవాబు. మినిట్సుల నకళ్లు అడుగుడు. సమావేశమే జరుగలేదని జవాబు వచ్చినచో అదియు గొప్ప సాక్ష్యమే.

కాలము కూడ మనకు అనుకూలముగ నున్నది. 2025 మే 14న సుప్రీంకోర్టు వారు కాలిబాటపై నడచు హక్కు రాజ్యాంగపు 21వ అధికరణములోని జీవనహక్కులో భాగమనిరి. అదే యేట అక్టోబరు 7న, ముందు చెప్పిన వైద్యునిగారి వ్యాజ్యములోనే, నడచువారికిని మోటారులేని బండ్లకును సంబంధించిన నియమములను, రోడ్ల నిర్మాణ ప్రమాణములను ఆరు నెలలలో చేయవలెనని రాష్ట్రములను ఆదేశించిరి. నియమములు రాజధానిలో వ్రాయబడును. వానిని మన టవరు సర్కిలుకు అన్వయించువారు మనమే కావలెను.

కావున సంఘమునకు పోవువాడు ఆవేశముతో గాక, టేపుతో పోవలెను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు వారి ప్రమాణములో కాలిబాటకు అడ్డములేని వెడల్పు 1.8 మీటర్లకు తగ్గరాదు. అంచుకట్ట ఎత్తు 15 సెంటీమీటర్లకు మించరాదు. మోకాలు నొప్పి గల వృద్ధురాలిని ఒక మారు మన కట్టలపై కెక్కించి చూడుడు. ఆమె దిగి రోడ్డుమీదనే ఏల నడచుచున్నదో బోధపడును. ఆరోగ్యవంతుడు సెకనుకు 1.2 మీటర్లు నడచునని లెక్క. 12 మీటర్ల రోడ్డు దాటుటకు అతనికి పది సెకనులు, సెకనుకు 0.8 మీటరు నడచు ముసలమ్మకు పదునైదు. ఆ యయిదు సెకనుల తేడా మినిట్సులో చేరవలెను.

కాలిబాట వాదము వచ్చినప్పుడెల్ల మొదట పడు దెబ్బ గంపలవారిమీద. ఇది నాకు సమ్మతము కాదు. దుకాణపు మెట్లు ముందుకు జరిగినను, కారు కాలిబాటపై నిలిచినను ఊరకుండి, అరగజము స్థలమున పండ్లు పెట్టుకొన్నవానిని తరుముట న్యాయమా? నడచువాడు కొనువాడు, కూర్చున్నవాడు అమ్మువాడు. ఒకరు లేక యింకొకరు లేరు. విక్రయ సంఘమును రోడ్డు భద్రతా సంఘమును ఒకే దినమున, ఒకే వీధిలో, నిలువుకాళ్లపై సమావేశపరచినచో సగము తగవు అక్కడనే తీరునని నా నమ్మకము. ఉద్యమకాలమున ఈ రోడ్లమీదనే పొయ్యిలు పెట్టి వంటా వార్పూ చేసితిమి. వడ్డించినవారిలో నేనును ఒకడను. ఆనాడు రోడ్డు మనదని చెప్పుటకు మనకెవరి యనుమతియు అక్కరలేకపోయెను.

ఆదిలాబాదు నుండి వచ్చిన మిత్రులు తమ సంగతి యెత్తలేదని యనుకొనవచ్చును. 2016లో మన రెండు జిల్లాలు పెక్కు జిల్లాలైనవి; అన్నిటికిని వేరువేరు సంఘములు రావలసినవే. ఆదిలాబాదు వారికి ఒక ఉదాహరణము వారి గడ్డమీదనే యున్నది. పుష్యమాసమున మెస్రం వంశపు గోండులు కేస్లాపూరు నాగోబా అభిషేకమునకై గోదావరి జలమును తెచ్చుటకు హస్తినమడుగునకు కాలినడకను పోయి వచ్చుచుందురు. అక్కడి జాతరలోనే, కొమురం భీం మరణానంతరము, 1940వ దశకమున హైమండార్ఫ్ గారి చొరవతో దర్బారు మొదలైనది. అధికారులే జనులున్నచోటికి వచ్చి విన్నపములు వినుట దాని పద్ధతి. ఇదికంటె మంచి సలహా సంఘము నేను పుస్తకములలో చూడలేదు. ఆ దర్బారులో తమ వారు నడచు రోడ్ల అంచుల కొలతలు, చీకటి మలుపుల పట్టిక ఒకటి సమర్పింపుడు.

మనకు వచ్చెడి ఆదివారము పని యున్నది. కోర్టు చౌరస్తానుండి టవరు సర్కిలు వరకు రెండు ప్రక్కల కాలిబాటను కొలిచి, అడ్డములను వ్రాసికొని, నకలు కలెక్టరుగారి సంఘమునకును కార్పొరేషనునకును పంపవలెను. వ్రాయగలవారు ఇద్దరు, కొలువగలవారు నలుగురు, సైకిలు దుకాణమువారు ఒక్కరైనను కావలెను. గంపలవారిని ముందుగా పలుకరించి, కొలుచుట మిమ్ములను లేపుటకు కాదని చెప్పుట కొకరిద్దరు సోదరీమణులు రావలెను. పేర్లు వ్రాసికొను కాగితము గుమాస్తాగారి బల్లపై నున్నది. ఉదయము ఆరింటికి రండు. తొమ్మిది దాటినచో ఆ రోడ్డుపై టేపు పరచుట సాధ్యము కాదు.