మసకపటములు



నేడు ఛాయాపటములను గూర్చి, అందును మసకగా వచ్చిన ముఖముల పటములను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

మా జేజికి బ్రదుకంతటిలో ఒకే పటము కలదు. జమ్మలమడుగు చెంతనున్న మా యూరినుండి బండిలో ప్రొద్దుటూరికి తీసికొనిపోయి దానిని తీయించిరి. తీయువేళ ఆమె తల కదలుటచే ముఖము మసకబారెను. చెడిపోయినదని ఇంటివారు దానిని పెట్టె యడుగున వేసిరి. నేనును చాలకాలము అట్లే తలచితిని.

మసక ఎల్లప్పుడును తప్పేనా? ఈ ప్రశ్నను లోకము ముందుంచినది 1815లో కలకత్తాలో జన్మించిన జూలియా మార్గరెట్ కామెరాన్ అను ఆంగ్లవనిత. 1863లో, 48 ఏండ్ల ప్రాయమున, కుమార్తె కానుకగా నిచ్చిన కెమెరాతో ఆమె పని నారంభించెను. ఆ కాలమున గాజుపలకకు మందు పూసి, తడి యారకమునుపే పటము తీయవలెను. ఆమె పెద్దపలకలు వాడుటచే ఎదుటివారు కొన్ని నిమిషములు కదలక కూర్చుండవలసి వచ్చెడిది. ఊపిరి పీల్చినను ముఖరేఖలు కొంత కరగును. అంతియేకాదు, కటకమును సరిచేయునపుడు ముఖము తన కంటికి అందముగా దోచినచోటనే ఆమె చేయి నిలిపెడిది. 1867లో ఆమె తీసిన ఖగోళశాస్త్రజ్ఞుడు జాన్ హెర్షెల్ పటమున చెదరిన తెల్లజుట్టు, చీకటిలో వెలుగుచున్న వృద్ధుని కన్నులు, ఇవియే మనకు మిగులును. పని చేతగాదని కొందరు నిపుణు లామెను ఆక్షేపించిరి. ఆమె తన మార్గమును విడువక, 1879లో సింహళమున కన్నుమూసెను. తరువాతి తరమువారిలో పలువురు ఆ మసకనే కళగా గైకొనిరి.

మన తెలుగునాట రాజా దీనదయాళుగారి దారి వేఱు. 1886లో సికిందరాబాదున స్టూడియో నెలకొల్పిన వీరు ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకులు. వీరి పటములలో తలపాగా మడతలును స్పష్టముగా గానవచ్చును. 1892లో ఘోషాస్త్రీలకై వేఱుగా స్టూడియో నేర్పరచి, అందు పటములు తీయుటకు ఒక స్త్రీనే నియమించిరి. దర్బారు వైభవమునకు ఆ స్పష్టతయే తగును.

ఇక మా యింటి కథ. కొన్నియేండ్ల క్రిందట మా జేజిపటమును బాగుచేయుటకై ఒక దుకాణమున నిచ్చితిని. వారు కంప్యూటరుమీద కనుబొమలు దిద్ది, ముడుతలు తుడిచి, పెదవులకు గీత గీసి యిచ్చిరి. నేను సంతసించి పులివెందులలోని మా మేనత్తకు దానిని చూపితిని. ఆమె కంటియద్దములు సవరించుకొని చాలసేపు చూచి, “ఈమె యెవరబ్బీ?” అని యడిగెను. సిగ్గుపడి పాతపటము నందిచ్చితిని. తల్లి తల వాల్చిన తీరును ఆ మసకలోనే గుర్తించి, ఆమె మాటలాడక దానిని వ్రేళ్లతో తడవుచు కూర్చుండెను.

కామెరాన్ మసక కోరి తెచ్చినది. మాది కదలికచే కలిగినది. మా పటము కళాఖండమని నేననను. కాని అందు మా జేజి కలదు. దిద్దిన పటమున లేదు.

కావున పెద్దలారా, మీ యిండ్లలో ఇట్టి పటములున్నచో పారవేయకుడు. ఎండకును చెమ్మకును దూరముగా నుంచుడు. వెనుక పెన్సిలుతో మెల్లగా పేరును ఊరును వ్రాయుడు. బాగుచేయింపదలచినచో నకలు నిండు, అసలును మీయొద్దనే నిలుపుకొనుడు. ఆ ముఖము నెఱిగినవారు మీరే. మీ తరువాత ఆ మసకలోని మనిషిని గుర్తించి చెప్పువారుండరు.