పెరటి మడి నుండి పొయ్యి వరకు



ఆకుకూరలను గూర్చి ప్రసంగమనగానే, ఇందులో తెలుగువారికి తెలియనిది ఏమున్నదని మీరు అనుకొనవచ్చును. తోటకూర పులుసు, పాలకూర పప్పు, గోంగూర పచ్చడి ఎరుగని ఇల్లు మనలో లేదు. బాగుగా తెలిసినది కావుననే వాని విషయమున మనకు ఉపేక్ష కలిగినది. ఆకు కోసిన క్షణము మొదలు అది కంచములోనికి వచ్చువరకు గల దారి ఎంత కురచయైన మనకు అంత లాభము. నేడు నేను మనవి చేయబోవునది ఇదే.

ఇందుకు శాస్త్రమునుండి ఒక నిదర్శనము చెప్పెదను. 1941వ సంవత్సరమున అమెరికాలో కొందరు శాస్త్రజ్ఞులు టన్నులకొలది స్పినాచ్ ఆకునుండి రవ్వంత పదార్థమును వేరుచేసి, దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టిరి. లాటిను భాషలో ఫోలియమ్ అనగా ఆకు. ఆ పదార్థమును 1945 నాటికి ప్రయోగశాలలో తయారుచేయగలిగిన లెడర్లీ సంస్థ పరిశోధకులకు నాయకుడు, మన భీమవరమున జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు. రక్తము ఏర్పడుటకును, గర్భస్థ శిశువు వెన్నుపాము సక్రమముగా రూపొందుటకును ఇది అవసరము. కాని దీనికి రెండు స్వభావములు కలవు. ఇది నీటిలో కరగును, వేడికి చెడును. సి విటమిను సంగతియు ఇంతే. వేకువను కోసిన కట్ట సాయంకాలమునకు వాడిపోయి ఇంటికి వచ్చును. దానిని తరిగి, తరిగిన పిమ్మట నీటిలో నానవేసి, ఉడికించి, ఆ నీటిని వార్చి పారబోసినచో, మనము డబ్బిచ్చి కొన్న సారములో చాలభాగము తూము పాలైనట్లే.

నీటి విషయము మరొకటి ఉన్నది. హైదరాబాదులో మూసీ దిగువన, మురుగు కలిసిన నీటితో ఆకుకూరలు పండించు మళ్లు ఎంతోకాలముగా కలవు. ఇది రైతు దోషమని అనరాదు. నగరము వదలిన నీరే అతనికి దక్కుచున్నది. పురుగు పట్టిన ఆకును మనము కొనము గనుక అతడు మందు చల్లక తప్పుట లేదు. కొన్న కూరలన్నియు చెడ్డవని నేను అనుట లేదు. ఏ నీటితో పెరిగినదో, ఏ మందు పడినదో మనకు తెలిసిన కూర ఇంట పండిన కూరయే.

పెరడు లేనివారు నిరాశ చెందనక్కరలేదు. ఆకుకూరల వేళ్లు లోతునకు పోవు. జానెడు లోతు గల తొట్టియైనను, అడుగున చిల్లులు పెట్టిన పాత బేసినైనను చాలును. దినమునకు నాలుగైదు గంటల ఎండ తగులవలెను. రెండు పాళ్లు ఎఱ్ఱమన్ను, ఒక పాలు బాగుగా మాగిన పశువుల ఎరువు, కొద్దిగా ఇసుక కలిపి నింపుడు. పచ్చిపేడ వేయరాదు. అది వేళ్లను మాడ్చుటయే గాక, రోగక్రిములను ఆకుపైకి చేర్చును. కూరగాయల తొక్కులను, ఎండుటాకులను పొరలు పొరలుగా ఒక కుండలో వేసి, తడి ఆరకుండ చూచి, అప్పుడప్పుడు తిరుగవేయుచుండినచో, రెండు మూడు నెలలలో మట్టివాసనగల నల్లని ఎరువగును.

తోటకూర విత్తులు మిక్కిలి సన్ననివి. గుప్పెడు పొడి ఇసుకతో కలిపి చల్లినచో ఒకచోట గుంపుగా పడవు. పైన పలుచగా మన్ను కప్పి, నీరు చిలకరింపవలెను. నాలుగైదు దినములలో మొలచి, సుమారు నెలకు కోతకు వచ్చును. మెంతికూరకు వంటింటి డబ్బాలోని మెంతులే చాలును. మూడు వారములకు కూర సిద్ధము. పాలకూరను మొదలు రెండంగుళములు విడిచి కోసినచో మరల చిగుర్చును. తీగబచ్చలికిని, పొన్నగంటికిని విత్తులతో పనిలేదు. ముదురు కాడను కణుపుతో నాటిన బ్రతుకును. మడి అంతయు ఒక్కమారు చల్లక, పది దినములకు ఒక భాగము చొప్పున చల్లిన, కూర ఎడతెగక వచ్చుచుండును.

పురుగు కనబడినచో కంగారు వలదు. చిన్న మడికి చేతితో ఏరివేయుటయే మొదటి మందు. పేనుబంక పట్టిన ఆకులను త్రుంచి దూరముగా పారవేయుడు. అప్పటికిని తగ్గనిచో, 50 గ్రాముల వేపగింజల పొడిని గుడ్డలో మూటకట్టి, లీటరు నీటిలో రాత్రి నానబెట్టి, పిండి, వడగట్టి, కొంచెము సబ్బునీరు కలిపి సాయంకాలము చల్లుడు. చల్లిన కొన్ని దినములకు గాని ఆ ఆకు కోయరాదు.

ఇక వంట. దీనికి మూడు నియమములు చాలును. మొదటిది, రెండు మూడు నీళ్లలో కడిగిన పిదపనే తరుగుట. తరిగిన పిదప కడుగరాదు. రెండవది, ఆకును అంటియున్న తడితోనే మూతపెట్టి మగ్గనిచ్చుట. నీరు పోసినచో ఆ నీటిని పప్పులోనో, పులుసులోనో వాడుట. మూడవది, కొద్దిగా నూనె వేయుట. ఆకులోని కెరోటిను ఒంటికి పట్టుటకు నూనె అవసరము. ఆవాలు, మినపప్పు, ఎండుమిరప, వెల్లుల్లి తాలింపులో తోటకూర వేసినచో, ఏడెనిమిది నిమిషములలో కూరయగును. కూర మగ్గి తగ్గిన తరువాతనే ఉప్పు వేయుడు, లేనిచో ఎక్కువగును. దింపిన పిదప నిమ్మరసము పిండినచో ఆకులోని ఇనుము మెరుగుగా ఒంటబట్టును. భోజనమైన వెంటనే కాఫీ, టీలు త్రాగుట ఇనుమునకు ఆటంకము. మూత్రపిండములలో రాళ్లున్నవారు మాత్రము పాలకూర విషయమున వైద్యుని అడిగి తినవలెను.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనత కలవారు. ఆకుకూర ఒక్కటే దీనిని మాన్పునని నేను చెప్పను. వైద్యులు ఇచ్చు మాత్రలను, ముఖ్యముగా గర్భిణులు, మానరాదు. కాని ఒక సంగతి ఆలోచింపుడు. చాల ఇండ్లలో కూరను కడిగి, తరిగి, వండి, అందరికి వడ్డించి, కడపట భుజించునది ఇల్లాలు. అప్పటికి గిన్నెలో మిగులునది గరిటెకు అంటినంత. ఎవరి రక్తమునకు ఆ కూర ఎక్కువ అవసరమో, వారికే అది అందుట లేదు.

కావున మడికి నీరు పోయు పనిని పురుషులు, పిల్లలు పంచుకొనవలెను. కోయునప్పుడు మరొక గుప్పెడు అధికముగా కోయవలెను. వడ్డించునప్పుడు ఇల్లాలి వంతు ముందుగా తీసి, మూతపెట్టి ఉంచవలెను. మెంతులు రేపే చల్లవచ్చును. మూడు వారములలో ఆ వంతు మీ ఇంట మొలచియుండును.